ఫైటర్ విమానాల డీల్ వార్తను కొటేషన్‌లా చదవడం ఎలా

"పిన్నీ, డీల్ అయిపోయిందంట!"

మా అక్క కొడుకు హిందూపురం నుంచి ఇలాంటి మెసేజ్‌లు రాత్రి పదకొండు దాటాకే పెడతాడు. కింద ఓ వీడియో ఉంటుంది. అందులో నిప్పులు కక్కుతూ లేచే విమానం, వెనక డప్పుల మ్యూజిక్. వాడు గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుతున్నాడు, ఇదీ కరెంట్ అఫైర్సే అంటాడు. నేను పొద్దున ఆఫీసు బస్సెక్కాక జవాబిస్తాను: "ఏ కాగితం మీద సంతకం అయిందిరా?" అక్కడితో వాడి ఉత్సాహం సగం చల్లారిపోతుంది.

నేను ఎయిర్‌ఫోర్స్ మనిషిని కాను, ఇంజినీర్ని అసలే కాను. బెంగళూరు పీణ్యలో ఒక మెషినింగ్ కంపెనీలో ఇరవై రెండేళ్ళుగా పర్చేజ్ చూస్తున్నాను. కొటేషన్లు తెప్పించడం, కంపారిటివ్ స్టేట్‌మెంట్ వేయడం, బేరమాడటం, పీఓ (కొనుగోలు ఆర్డరు) పెట్టడం, ఆ తర్వాత సరుకేదని ఫోన్లో అరవడం నా పని. మా దగ్గర విమానాలకు వెళ్ళే అల్యూమినియం, టైటానియం ముక్కలు కూడా చేస్తారు. అవి ఏ విమానంలో ఏ మూల బిగిస్తారో మాకు చెప్పరు, డ్రాయింగ్ నంబరే మా లోకం. ఫైటర్ విమానం కొనే దేశం చేసేదీ నా పనే, కాకపోతే సున్నాలు ఎక్కువ. అందుకే ఆ వార్తలను కొటేషన్ చదివినట్టే చదువుతాను. వాడికి ఫోన్‌లో ముక్కలు ముక్కలుగా చెప్పిందంతా ఇక్కడ ఒకచోట పెడుతున్నాను.

ముందు కాగితం పేరు చూడండి

మా ఆఫీసులో ఎంక్వయిరీ వేరు, కొటేషన్ వేరు, ఎల్ఓఐ (ఆర్డరిస్తాం అని చెప్పే ఉత్తరం) వేరు, పీఓ వేరు. పీఓ చేతికొచ్చినా అడ్వాన్స్ పడేదాకా వెండర్ మెషిన్ ఆన్ చేయడు. కానీ ఎంక్వయిరీ వెళ్ళిన రోజే వాళ్ళ సేల్స్ కుర్రాడు "ఆర్డర్ వచ్చినట్టే సార్" అని బాసుకి చెప్పేసి ఉంటాడు. విమానాల వార్తల్లో సగం ఆ కుర్రాడి మాటలే.

మన దేశంలో వరస ఇలా ఉంటుంది. ఆర్ఎఫ్ఐ అంటే "మీ దగ్గర ఏముంది, ఎంతలో వస్తుంది" అని అడగడం. ఏఓఎన్ అంటే "అవును, ఇది మనకు అవసరమే" అని రక్షణ కొనుగోళ్ళ మండలి ఒప్పుకోవడం. పేపర్లు దీన్నే "వేల కోట్ల ఒప్పందానికి పచ్చజెండా" అని రాస్తాయి, ఒక్క రూపాయి కదలదు. ఆర్ఎఫ్‌పీ అసలు టెండరు. ఆ తర్వాత ట్రయల్స్, ధరల కవర్లు, బేరాల కమిటీ, కేబినెట్ భద్రతా కమిటీ, చివరికి సంతకం.

ఎల్1, అంటే అందరికన్నా తక్కువ ధర చెప్పినవాడు, అయ్యాక కూడా ఆర్డర్ పోవచ్చా? పోవచ్చు. ఆ కథ నాకు బాగా గుర్తు.

2007 ఆగస్టులో మన ప్రభుత్వం 126 విమానాలకు టెండరు పిలిచింది. ఆరుగురు వచ్చారు: అమెరికా నుంచి ఎఫ్-16, సూపర్ హార్నెట్, రష్యా నుంచి మిగ్-35, స్వీడన్ గ్రిపెన్, నాలుగు యూరప్ దేశాలు కలిసి చేసే టైఫూన్, ఫ్రాన్స్ రఫేల్. ట్రయల్స్ బెంగళూరు తేమలో, జైసల్మేర్ ఎండలో, లేహ్ చలిలో జరిగాయి. 2011 ఏప్రిల్‌కి ఇద్దరు మిగిలారు. 2012 జనవరి 31న రఫేల్ ఎల్1 అన్నారు. 18 విమానాలు తయారై వస్తాయి, మిగతా 108 మన ప్రభుత్వ విమానాల కంపెనీ హాల్ (హెచ్ఏఎల్) ఇక్కడే చేస్తుంది అన్నది లెక్క.

ఆ రోజు మా ఆఫీసులో స్వీట్లు పంచారు. హాల్‌కి పని వస్తే కింద ఉన్న మాకూ వస్తుందని మా ఓనర్ ఆశ. పక్క స్థలంలో కొత్త షెడ్డుకి అడ్వాన్స్ కూడా ఇచ్చేశాడు. తర్వాత మూడేళ్ళు బేరం నడిచింది. హాల్‌లో తయారయ్యే 108 విమానాల నాణ్యతకు పూచీ ఎవరిది, ఒక్కో విమానానికి ఎన్ని పనిగంటలు పడతాయి అన్న దగ్గర బండి ఆగిపోయింది. 2015 ఏప్రిల్‌లో ప్రధాని పారిస్‌లో 36 విమానాలు నేరుగా కొంటామని ప్రకటించారు, పాత టెండరు మూలన పడింది. కొత్త ఒప్పందం మీద సంతకం 2016 సెప్టెంబర్ 23న. మొదటి ఐదు విమానాలు అంబాలాలో దిగింది 2020 జులై 29న. టెండరు నుంచి టైరు నేల తాకేదాకా పదమూడేళ్ళు. ఆ షెడ్డులో మేం ఇప్పటికీ ఆటో పార్టులే చేస్తున్నాం.

అమెరికా వార్తల్లో ఇంకో కాగితం తరచూ కనిపిస్తుంది: "ఫలానా దేశానికి ఇన్ని విమానాలు అమ్మేందుకు ఆమోదం". అది అక్కడి ప్రభుత్వం కాంగ్రెస్‌కి ఇచ్చే నోటీసు. అందులో ఉండేది గరిష్ఠ సంఖ్య, గరిష్ఠ ధర. కొనే దేశం కొనాలన్న రూలేం లేదు.

దీనికి ఇండోనేషియాను మించిన పాఠం లేదు. 2022 ఫిబ్రవరి 10న ఆ దేశం 42 రఫేల్‌లకు ఫ్రాన్స్‌తో సంతకం చేసింది. అదే రోజు అమెరికా ఇండోనేషియాకు 36 ఎఫ్-15 విమానాలు, 1,390 కోట్ల డాలర్ల దాకా, అమ్మడానికి నోటీసు ఇచ్చింది. అంతకు నాలుగేళ్ళ ముందు రష్యాతో 11 సుఖోయ్-35లకు ఒప్పందం అయింది. ధరలో సగం పామాయిలు, కాఫీ, రబ్బరు లాంటి సరుకుల రూపంలో ఇస్తామన్నారు. అమెరికా ఆంక్షల భయంతో అది కదల్లేదు. ఖతార్ వాడిన 12 మిరాజ్‌లు కొందామనుకుని, సంతకం చేసి, 2024లో వద్దనుకున్నారు. కొరియా కేఎఫ్-21 తయారీలో ఐదో వంతు ఖర్చు భరిస్తామని చేరి, డబ్బు కట్టక, చివరికి వాటాను బాగా తగ్గించుకున్నారు. 2025లో టర్కీ కాన్ విమానాలు 48 అన్నారు. మా వాడు ఈ ప్రతి వార్తకీ "ఇండోనేషియా దుమ్ము లేపుతోంది పిన్నీ" అని పెట్టినవాడే. నేను చూసింది ఒక్కటే, అడ్వాన్స్ ఎప్పుడు పడిందని. రఫేల్ ఒప్పందం కూడా ఒకేసారి అమల్లోకి రాలేదు. 2022 సెప్టెంబర్‌లో 6, 2023 ఆగస్టులో 18, 2024 జనవరిలో 18. డబ్బు కట్టిన మేరకే ఆర్డరు.

మొత్తాన్ని విమానాల సంఖ్యతో భాగించకండి

టీవీలో అందరూ చేసే తప్పు ఇది. ఇన్ని కోట్లు, ఇన్ని విమానాలు, కాబట్టి ఒక్కోటి ఇంత, పక్క దేశం తక్కువకే కొంది అని గొడవ.

స్లొవేకియా 2018 చివర్లో 14 కొత్త ఎఫ్-16లు సుమారు 180 కోట్ల డాలర్లకు తీసుకుంది. ఒక్కోటి 12.9 కోట్లు. ఏడాది తిరగకముందే బల్గేరియా అదే రకం 8 తీసుకుంది, 125.6 కోట్లకు. ఒక్కోటి 15.7 కోట్లు. బల్గేరియా మోసపోయిందా? కాదు. శిక్షణ, సిమ్యులేటర్, స్పేర్లు, టూల్స్, మిసైళ్ళు, గ్రౌండ్ పరికరాలు లాంటివి ఎనిమిదింటికైనా కొనాలి, పద్నాలుగింటికైనా కొనాలి. తక్కువ తీసుకున్నవాడి మీద ఆ ఖర్చు ఎక్కువ పడుతుంది. మేం సీఎన్‌సీ మెషిన్ కొంటే మెషిన్ ధర ఒక గీత మాత్రమే. దాని కింద చక్, టూల్ హోల్డర్లు, కూలెంట్ ట్యాంకు, స్టెబిలైజర్, ట్రైనింగ్, రెండేళ్ళ తర్వాత ఏఎంసీ (ఏటా కట్టే నిర్వహణ ఒప్పందం) అని పదిహేను గీతలుంటాయి. మన 36 రఫేల్‌ల 787 కోట్ల యూరోలలో కూడా అప్పట్లో పత్రికల్లో వచ్చిన విడి లెక్కల ప్రకారం ఉత్త విమానాల వాటా సగం కన్నా తక్కువే. మిగతాది ఆయుధాలు, మనకోసం చేసిన మార్పులు, విడిభాగాలు, నిర్వహణ.

కాబట్టి రెండు ఒప్పందాలు పోల్చాలంటే ముందు నాలుగు ప్రశ్నలు అడగండి. ఆయుధాలు కలిపారా? ఎన్నేళ్ళ స్పేర్లు? సిమ్యులేటర్ ఉందా? ధర ఏ సంవత్సరం లెక్కలో ఉంది? ఈ నాలుగూ తెలియకపోతే పోల్చకుండా ఊరుకోవడం మేలు.

"ఫిక్స్‌డ్ ప్రైస్" అనే మాటను కూడా గట్టిగా పట్టుకోవాలి. స్విట్జర్లాండ్ అమెరికా ఎఫ్-35లు 36, సుమారు 600 కోట్ల ఫ్రాంకులకు తీసుకోవాలనుకుంది. ఆ డబ్బు మీద 2020లో దేశమంతా ఓటింగ్ పెడితే 50.1 శాతంతో గట్టెక్కింది. ధర ఫిక్స్ అయిందని అక్కడి ప్రభుత్వం ఏళ్ళ తరబడి చెబుతూ వచ్చింది. 2025లో అమెరికా అది మీరు అపార్థం చేసుకున్నారంది. అదనంగా 65 కోట్ల నుంచి 130 కోట్ల ఫ్రాంకుల దాకా పడొచ్చని తేలింది. అంత జాగ్రత్త మనుషులకే ఇలా అయిందంటే, "ప్రైస్ వేరియేషన్ క్లాజ్ (ధర తర్వాత మారొచ్చనే షరతు) ఎక్కడుంది" అని నేను ప్రతి కొటేషన్ చివరి పేజీ తిప్పడం చాదస్తం కాదని మా ఓనర్‌కి చూపించాను.

ఇంజిన్ ఎవరిది?

నన్నడిగితే అసలు ప్రశ్న ఇదే. మిగతావన్నీ వదిలేసినా దీన్ని వదలొద్దు.

కొన్నేళ్ళ కిందట మేం ఒక విదేశీ ఫైవ్-యాక్సిస్ మెషిన్ కొన్నాం. కొనేముందే ఏ పనికి వాడతాం, ఎవరికి అమ్మం అని కాగితాల మీద సంతకాలు తీసుకున్నారు. పూర్తి డబ్బు కట్టాం. ఓ వర్షాకాలం షెడ్డు కప్పు కారుతుంటే మెషిన్ తడుస్తుందని పదిహేను అడుగులు పక్కకి జరిపాం. స్విచ్ వేస్తే కదల్లేదు. స్క్రీన్ మీద ఒక్క వాక్యం: స్థానం మారింది, తయారీదారుని సంప్రదించండి. ఆ మెషిన్లో కదలికను పసిగట్టే పరికరం ఉంటుందని, ఎగుమతి నిబంధనల కోసం పెడతారని అప్పుడు తెలిసింది. వాళ్ళ ఇంజినీర్ వచ్చి, మెషిన్ మా గోడల మధ్యే ఉందని కళ్ళారా చూసి, కోడ్ కొట్టి తెరిచేసరికి తొమ్మిది రోజులు. ఆ తొమ్మిది రోజులు కస్టమర్‌కి సమాధానం చెప్పింది నేను. మా డబ్బు, మా షెడ్డు, మా మెషిన్. తాళం మాత్రం వాళ్ళది.

ఫైటర్ విమానంలో అలాంటి తాళం అన్నిటికన్నా ముందు ఇంజిన్లో ఉంటుంది. మంచి ఫైటర్ ఇంజిన్ సొంతంగా చేయగల దేశాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. విమానం మీద ఏ దేశం జెండా ఉన్నా, ఇంజిన్ చేసిన దేశం ఒప్పుకుంటేనే అది మూడో దేశానికి వెళుతుంది.

మనకే జరిగింది. 1970ల చివర్లో మనం చూసిన వాటిలో స్వీడన్ విగెన్ ఒకటి. దాని ఇంజిన్ స్వీడన్లోనే చేసినా మూలం అమెరికా ప్రాట్ అండ్ విట్నీ డిజైన్. 1978లో అమెరికా కుదరదంది, విగెన్ రేసులోంచి పోయింది. మనం బ్రిటన్, ఫ్రాన్స్ కలిసి చేసిన జాగ్వార్ తీసుకున్నాం. దానికి ఒక ఏడాది ముందు ఇజ్రాయెల్ క్ఫిర్ విమానాలు ఈక్వెడార్‌కి అమ్మబోతే అదే జరిగింది, అందులో ఇంజిన్ అమెరికా జీఈది. ఇప్పటి గ్రిపెన్-ఈలో ఉన్నదీ జీఈ ఇంజినే. చైనా, పాకిస్తాన్ కలిసి చేసే జేఎఫ్-17లో ఉన్నది రష్యా ఇంజిన్. రఫేల్‌కి ఫ్రాన్స్ సొంత ఇంజిన్ ఉంది, సొంత రాడార్ ఉంది. "మాది కొంటే ఇంకెవర్నీ అడగక్కర్లేదు" అని ఫ్రాన్స్ ధైర్యంగా అమ్ముకునేది అందుకే.

ఇంజిన్ ఒక్కటే అనుకోకండి. మన దేశంలో చేసే తేలిక ఫైటర్ తేజస్‌ని అర్జెంటీనాకి అమ్మాలని మనవాళ్ళు చాలా ప్రయత్నించారు. ఆపద వస్తే పైలట్‌ను బయటికి విసిరే సీటు అందులో బ్రిటన్‌ది. 1982 ఫాక్లాండ్స్ యుద్ధం తర్వాత అర్జెంటీనాకు తమ సైనిక సామగ్రి వెళ్ళనివ్వడం బ్రిటన్‌కి ఇష్టం లేదు. చివరికి అర్జెంటీనా 2024లో డెన్మార్క్ వాడిన 24 ఎఫ్-16లు కొనుక్కుంది. ఒక సీటు, ఒక ముక్కు కవరు, చివరికి ఒక పంపు కూడా ఎగుమతిని ఆపగలదు.

టైఫూన్‌కి ఇంకో రకం చిక్కు. నాలుగు దేశాల ఉమ్మడి సొత్తు కాబట్టి నలుగురూ ఒప్పుకోవాలి. సౌదీ మరో 48 అడిగితే జర్మనీ ఏళ్ళ తరబడి అడ్డం పడింది, 2024 జనవరిలోగానీ మెత్తబడలేదు. ఉమ్మడి ఆస్తి అమ్మాలంటే అన్నదమ్ములందరూ రిజిస్ట్రార్ ఆఫీసుకు రావాలి కదా, అలాగే.

ఎఫ్-35 సంగతికొస్తే టర్కీని చూడండి. దాని తయారీలో భాగస్వామి, విడిభాగాలు చేసి ఇచ్చిన దేశం. రష్యా ఎస్-400 క్షిపణి రక్షణ వ్యవస్థ కొన్నందుకు 2019 జులైలో బయటికి పంపేశారు. తన పేరు మీద తయారైన విమానాలు అమెరికాలోనే ఉండిపోయాయి. 2025 మార్చిలో "ఎఫ్-35లో దూరం నుంచి ఆపేసే స్విచ్ ఉంది" అని పుకారు లేచింది, అలాంటిదేం లేదని అమెరికా అధికారులు ఖండించారు. స్విచ్ లేకపోవచ్చు. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు, స్పేర్లు అక్కణ్ణుంచే రావాలి కదా, స్విచ్‌తో పనేముంది?

ఇది కళ్ళతో చూడాలంటే పాత ఎయిర్‌పోర్ట్ రోడ్డు దగ్గర హాల్ మ్యూజియంకి వెళ్ళండి. మా వాణ్ణి పోయినసారి తీసుకెళ్ళాను. అక్కడ మారుత్ అనే మన పాత ఫైటర్ ఉంది. జర్మన్ డిజైనర్ కుర్ట్ టాంక్ నాయకత్వంలో ఈ ఊళ్ళోనే పుట్టి 1961 జూన్ 17న ఎగిరింది. దాని ఒంటికి తగ్గ ఇంజిన్ ఎవరూ ఇవ్వలేదు. బ్రిటన్ చిన్న ఇంజిన్లు రెండు పెట్టి నడిపించారు, జీవితమంతా శక్తి చాలని విమానంగానే మిగిలింది. మా వాడు దాని ముందు సెల్ఫీ తీసుకుంటుంటే వెనక్కి తిప్పి ఆ రెండు సన్నటి గొట్టాలు చూపించాను. "ఇంత బాడీకి ఇంత చిన్నవా పిన్నీ?" అన్నాడు. వాడికి అరగంట లెక్చర్ తప్పింది.

క్యూలో ఎన్నో నంబరు?

సరుకు బాగుంది, ధర బాగుంది, ఎప్పుడిస్తావు? వెండర్ చేతిలో ఎంత పని ఉంది, నెలకు ఎంత చేస్తాడు, ఈ రెండంకెలు తెలిస్తే వాడు చెప్పే డెలివరీ తేదీ నమ్మాలో లేదో తెలిసిపోతుంది.

రఫేల్‌కి 2015 వరకు ఒక్క విదేశీ ఆర్డరూ లేదు. కొరియాలో, సింగపూర్‌లో, మొరాకోలో, బ్రెజిల్‌లో వరసగా ఓడిపోయింది. 2015లో ఈజిప్టు 24 కొన్నాక తలుపు తెరుచుకుంది. ఖతార్, మనం, గ్రీస్, ఇండోనేషియా, సెర్బియా, ఒక్క యూఏఈనే 80. 2024 చివరికి రఫేల్ చేసే కంపెనీ డసో దగ్గర ఇవ్వాల్సినవి 220 ఉన్నాయి. ఆ ఏడాది ఇచ్చింది 21, అంతకు ముందు ఏడాది 13. భాగించండి. అదే వేగంతో పోతే పదేళ్ళు పైనే. ఈ క్యూ చూసే పోటీవాళ్ళు "మేం త్వరగా ఇస్తాం" అని దూరతారు. కొరియా సరిగ్గా ఆ సందులోంచే వచ్చింది. పోలండ్ 2022లో కొరియా తేలిక ఫైటర్లు ఎఫ్ఏ-50లు 48 తీసుకుంటే మొదటివి ఏడాదిలోపే దిగాయి. మలేషియా టెండరులో మన తేజస్‌ని దాటి 18 ఎఫ్ఏ-50లు, 92 కోట్ల డాలర్ల ఆర్డరు ఎత్తుకుపోయిందీ వాళ్ళే.

ఇక మన సంగతి. 83 తేజస్ మార్క్-1ఏలకు 2021 ఫిబ్రవరిలో, మా యలహంకలోనే, ఏరో ఇండియా అనే విమానాల ప్రదర్శనలో కాంట్రాక్టు అందింది. 2024 మార్చి నుంచి రావాలి. వాటికోసం జీఈకి 99 ఇంజిన్లు ఆర్డరిస్తే మొదటిది 2025 మార్చిలో చేతికొచ్చింది. జాప్యానికి కారణం ఇంజిన్ ఒక్కటే కాదు, అయినా ఇంజిన్ లేని విమానాన్ని డెలివరీ అనలేం. సొంత వైమానిక దళానికే టైముకి ఇవ్వలేనివాడు మాకెలా ఇస్తాడని విదేశీ కొనుగోలుదారు అడిగితే తప్పేముంది? నేనైతే అడుగుతాను.

"ఇక్కడే తయారీ" అన్నప్పుడు

కొనేవాళ్ళు ఇప్పుడు విమానం ఒక్కటే అడగరు, పని కూడా అడుగుతారు. రఫేల్ ఒప్పందంలో విలువలో సగం మళ్ళీ మన దేశంలో పని రూపంలో పెట్టాలని ఆఫ్‌సెట్ షరతు ఉండేది. 2020 నిబంధనల్లో ప్రభుత్వాల మధ్య కొనుగోళ్ళకు ఆ షరతు తీసేశారు. హైదరాబాద్‌లో టాటా వాళ్ళు రఫేల్ ఫ్యూజలేజ్ (విమానం మొండెం) చేయడానికి 2025 జూన్‌లో డసోతో ఒప్పందం చేసుకున్నారు. ఫ్రాన్స్ బయట దాన్ని చేయడం అదే మొదటిసారి. మంచి వార్తే, మా ఆఫీసులోనూ చప్పట్లు కొట్టాం.

కానీ ఒక తేడా పట్టుకోండి. మా దగ్గరికి వచ్చే డ్రాయింగ్‌లో మూలకు 3 మిల్లీమీటర్ల రేడియస్ అని ఉంటుంది. మేం 3 ఇస్తాం, క్వాలిటీ వాళ్ళు గేజ్ పెట్టి చూస్తారు. అది 3 ఎందుకు, 4 ఎందుకు కాదు అన్నది మాకు తెలియదు, అడిగినా చెప్పరు. డ్రాయింగ్ రావడం వేరు, ఆ "ఎందుకు" రావడం వేరు. వార్తలో టెక్నాలజీ బదిలీ అన్న మాట కనిపిస్తే ఈ రెండిట్లో ఏదో చూడండి. బ్రెజిల్ 2014లో 36 గ్రిపెన్‌లకు సంతకం చేసినప్పుడు 350 మందికి పైగా ఇంజినీర్లను, టెక్నీషియన్లను స్వీడన్ పంపి నేర్పించింది. అది రెండో రకానికి కాస్త దగ్గర. ఆ పోటీలో అమెరికా సూపర్ హార్నెట్ ముందుందని అంతా అనుకుంటుండగా, 2013లో అమెరికా నిఘా సంస్థ బ్రెజిల్ అధ్యక్షురాలి ఫోన్ల మీద చెవి పెట్టిందని బయటపడింది. ఆ డిసెంబర్‌లో గ్రిపెన్ గెలిచింది.

ఏరో ఇండియాకు వెళ్తే

రెండేళ్ళకోసారి ఫిబ్రవరిలో మా యలహంక న్యూ టౌన్‌లో కిటికీ అద్దాలు గలగలలాడతాయి, కోడికూర బంద్ అవుతుంది. మాంసం వ్యర్థాలకు గద్దలు వస్తాయని, అవి విమానాలకు తగులుతాయని కార్పొరేషన్ దుకాణాలు మూయిస్తుంది. 2025లో జనవరి 23 నుంచి ఫిబ్రవరి 17 దాకా, పదమూడు కిలోమీటర్ల లోపు. మా ఆయన ఆ దాదాపు నాలుగు వారాలు ప్రపంచ ఆయుధ వ్యాపారాన్ని తిట్టుకుంటూ పప్పు తిన్నాడు.

వెళ్తే విన్యాసాలు చూడండి, టోపీ మర్చిపోకండి. కానీ గాల్లో గిరికీలు కొట్టిన విమానం గెలుస్తుందనుకోకండి. 2025లో అమెరికా ఎఫ్-35, రష్యా సుఖోయ్-57 ఒకే షోలో కనిపించాయని ఊరంతా విరగబడి చూసింది. నేను స్టాల్స్ ఉన్న ఎగ్జిబిషన్ హాళ్ళలో తిరిగాను. స్టాల్‌లో సేల్స్ వాళ్ళని వేగం, ఎత్తు అడక్కండి, ఆ సమాధానాలు బ్రోషర్‌లోనే ఉంటాయి. "మీ ఇంజిన్ ఓవర్‌హాల్ ఎక్కడ చేస్తారు? స్పేర్ ఎన్ని రోజుల్లో ఇస్తారు?" అని అడగండి. నవ్వు తగ్గిపోతుంది, కార్డు చేతిలో పెట్టి పక్కకి చూస్తారు.

మా కింది ఇంట్లో బాబాయి గారుంటారు. గుంటూరు వైపు మనిషి, ఎయిర్‌ఫోర్స్‌లో మిగ్-21లకు గ్రౌండ్ క్రూగా చేసి రిటైరయ్యారు. 2025 సెప్టెంబర్ 26న చండీగఢ్‌లో మిగ్-21కి వీడ్కోలు చెప్పిన రోజు టీవీ ముందు నుంచి లేవలేదు. సోవియట్ యూనియన్ విడిపోయాక స్పేర్లకు పడ్డ తిప్పలు ఆయన చెబితే వినాలి. "ఒకడు ఇక్కడ, ఒకడు అక్కడ అయిపోయారమ్మాయ్. ఫ్యాక్టరీ ఒక దేశంలో, దాని గోదాము ఇంకో దేశంలో. ఒక విమానంలోంచి విప్పి ఇంకోదానికి బిగించేవాళ్ళం." నిజమైన ఏఎంసీ క్లాజ్ అంటే ఏమిటో నాకు ఆయన దగ్గరే అర్థమైంది.

"యుద్ధంలో నిరూపించుకుంది" అన్న ప్రచారం వస్తే మాత్రం వారం ఆగండి. 2025 మేలో మనకూ పాకిస్తాన్‌కూ ఘర్షణ జరిగిన రోజుల్లోనే పాకిస్తాన్ వాడే చైనా జే-10 ఫైటర్ కంపెనీ షేరు ఎగిరింది, డసో షేరు తగ్గింది. ఎవరు ఎన్ని కూల్చారన్నది తేలకముందే. చైనా తన రాయబార కార్యాలయాల ద్వారా రఫేల్ మీద చెడు ప్రచారం చేయిస్తోందని ఫ్రాన్స్ అధికారులు ఆరోపించారు, చైనా కాదంది. పక్క కొట్టువాడి సరుకు పుచ్చిందని చెప్పడం ఏ సంతలోనైనా ఉన్నదే.

నా డైరీ

ఎల్ఐసీ వాళ్ళిచ్చిన పాత డైరీలో గీతలు గీసి పెట్టుకున్నాను. ఏడు గడులు: దేశం, విమానం, ఎన్ని, ఏ కాగితం, ఎంత, ఇంజిన్, ఎన్ని దిగాయి. మీరూ గీసుకోండి, ఫోన్లో వద్దు. ఫోన్లో పెడితే ఆ వీడియోల్లో కలిసిపోతుంది.

మొన్న మా వాడు కొలంబియా సంగతి పెట్టాడు. ఈసారి డప్పుల వీడియో లేదు, ఫొటో ఒక్కటే. వాడి చేతే గడులు నింపించాను. కొలంబియా. గ్రిపెన్ ఈ, ఎఫ్. 17. కాంట్రాక్టు, 2025 నవంబర్. 310 కోట్ల యూరోలు. ఇంజిన్ దగ్గర ఆగి, వెతుక్కుని, "జీఈ, అమెరికా" అని పెట్టాడు. వెనకే ఇంకో మెసేజ్: వాళ్ళ దగ్గర ఇప్పుడున్నవి క్ఫిర్‌లే పిన్నీ, వాటిలోనూ జీఈ ఇంజినే.

ఏడో గడి పెన్సిల్‌తో రాయమన్నాను.